ముందు కారు, వెనక లారీ

సుమిత్రమ్మ ఇంటి వాకిట్లో కారుంది. ఆ మాట ఆమె చుట్టాలందరికీ తెలుసు, ఎందుకంటే ఆమే చెప్పింది. ఆ కారుకు టైర్లు లేవన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు. కారుందని ఒక మనిషి చెబుతుంటే, టైర్లున్నాయా అని అడగడం మర్యాద కాదు కదా.

అదొక పాత విలాయతీ కారు. నిజామాబాదులో ఎవరో వకీలుసాబ్ కాలం చేస్తే, ఆయన కొడుకులు అమ్మేస్తున్నారని తెలిసి రామ్‌దాస్ కొన్నాడు. రామ్‌దాస్ ఆమె మొగుడు, తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కు. కారు చవకగా వచ్చిందని ఆయన అంటాడు. టైర్లు లేవు కాబట్టే చవకగా వచ్చిందని ఆమె అంటుంది. ఉగాదికి ఇటుకల దిమ్మెల మీదికెక్కిన కారు మాఘమాసం వచ్చినా దిగలేదు. దాని కింద ఒక కోడి పొదిగి పిల్లల్ని చేసింది. ఆ పిల్లల్లో ఒకటి పెద్దదై మళ్లీ ఆ కారు కిందికే పొదగడానికి వచ్చింది.

టైర్లు దొరక్క కాదు. దొరికేవి రెండు రకాలు కావడమే చిక్కు. ఆ కారు చక్రం కొలత ఎట్లాంటిదంటే, కార్లకు వేసే మెత్తటి టైరూ దానికి పడుతుంది, జీపులకూ చిన్న లారీలకూ వేసే మందపాటి టైరూ పడుతుంది. కారు టైరైతే ఒళ్లు కదలకుండా పోతుంది, కానీ చెరకు బండ్లు తిరిగే రోడ్డు మీద ఎద్దు నాడా మేకు ఒకటి గుచ్చుకుంటే అంతే సంగతులు. లారీ టైరు మేకుల్ని లెక్కచేయదు. లోపల కూచున్నవాళ్లనూ లెక్కచేయదు. ఒక రకమే పట్టే చక్రమైతే రామ్‌దాస్ హాయిగా బతికేవాడు.

ఆయన అందర్నీ అడిగాడు. ఆఫీసులో అడిగాడు. రేషను దుకాణం ముందు వరుసలో నిలబడి అడిగాడు. సగం గడ్డం గీసిన మంగలి కారు టైరే మంచిదన్నాడని, మిగతా సగం గీయించుకోవడానికి వేరే మంగలి దగ్గరికి పోయాడు. జలుబు చేసి డాక్టరు దగ్గరికి పోయి, ఆయన అభిప్రాయం తీసుకుని వచ్చాడు, మందు తీసుకురాలేదు.

పక్కింటి అబ్దుల్ రహీం అయితే రోజూ సాయంత్రం వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి పోయేవాడు. ఆయన బస్సు డిపోలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. టైరును ఎన్నడూ ముట్టుకోలేదు గానీ, టైర్ల గురించి వచ్చిన కాగితాలన్నీ చదివాడు.

"రామ్‌దాస్ సాబ్, టైరంటే షాది లెక్క. మంచిగ ఆలోచించి చెయ్యాలె."

"మీ షాదికి మీరెంత ఆలోచించిండ్రు భాయిసాబ్?" అంది సుమిత్రమ్మ గడప మీద కూచుని బియ్యం చెరుగుతూ.

"నన్నెవరడిగిండ్రు భాబీ," అన్నాడాయన. "అయినా నా మాటినుండ్రి. కారు టైర్లే ఎయ్యుండ్రి. జీపువి ఏస్తే పోలీసోళ్లు వచ్చిండ్రనుకుంటరు."

ఆ మాటతో రామ్‌దాస్‌కు జీపు టైర్ల మీద మనసు పుట్టింది. వారం దాకా పోలేదు.

అట్లా ఉండగా సుమిత్రమ్మ చెల్లెలు లింగవ్వ బిడ్డకు పెండ్లి కుదిరింది. లింగవ్వ వాళ్లది బోధన్ దాపున ఊరు, చెరకు సేద్యం. పిలుపుకు చెల్లెలి మొగుడు తుకారాం వచ్చాడు. బొట్టుపెట్టి పిలిచిన తర్వాత అసలు మాట చెప్పాడు.

"వదినె, ఐరేని కుండలు నువ్వే తేవాలె. మీకు కారున్నదాయె."

ఐరేని కుండలంటే పెండ్లి పందిట్లో పేర్చే కుండలు. కుమ్మరి వాటికి సున్నం పూసి రంగుల గీతలు వేసి ఇస్తాడు. అవి వచ్చి పందిట్లో కూచుంటే గానీ లగ్గం మొదలుకాదు. సుమిత్రమ్మ పుట్టింటివాళ్లకు నందిపేట్ దగ్గరి తమ ఊరి కుమ్మరి ఆశన్న చేతి కుండలే కావాలి. బోధన్‌లో కుమ్మర్లు లేరని కాదు, అక్కడి కుండలతో పెండ్లి చేసుకున్నవాళ్లు తమ ఇంట్లో ఎవరూ లేరు. ఇన్నేండ్లూ పెండ్లికి ముందే ఎడ్లబండి మీద గడ్డి పరిచి తెచ్చేవాళ్లు. ఈసారి బండి మాటే ఎత్తవద్దని, తానే కార్లో తెస్తానని సుమిత్రమ్మ చెల్లెలికి కబురు పంపి ఉంది. ఆ కబురు పంపినప్పుడు కారు ఇటుకల మీదే ఉంది. పెండ్లి నాటికైనా దిగదా అనుకుంది.

తుకారాం పోయేముందు కారును ఒకసారి తట్టి చూశాడు.

"అన్న, లారీ టైర్లెయ్యి. ఎన్కకొచ్చేటప్పుడు చెరుకు విత్తనం గూడ ఏస్కరావచ్చు."

ఆయన వీధి మలుపు తిరగగానే రామ్‌దాస్ పెండ్లాం వైపు తిరిగాడు.

"విన్నవా. కారును చూడంగనే మీ మరిదికి చెరుకు యాదికొచ్చింది. లారీ టైర్లేసిన్నంటే రేపటి సంది మీవోళ్లంత పసుపు బస్తాలు పట్టుకొని వాకిట్ల నిలబడ్తరు."

"అయితే కారు టైర్లెయ్యుండ్రి."

"కారువి ఏస్తే మావోళ్లు ఊకుంటరా? పెండ్లికొడుకును ఊరేగించెతందుకు కారు కావాలెనని మా పెద్దబాపు మనుమలు ఒకని ఎనక ఒకడు వస్తరు."

"అయితే ఏమెయ్యొద్దు. ఇటికల మీదనే ఊరేగుండ్రి."

రామ్‌దాస్ ఆ మాటను కూడా కొంతసేపు ఆలోచించాడు.

పెండ్లి రెండు రోజులుందనగా సుమిత్రమ్మ రిక్షా పిలిచి ఆయన్ను ఎక్కించి, పక్కన తాను కూచుని స్టేషను రోడ్డులో ఇనాయత్ టైర్ల దుకాణానికి తీసుకుపోయింది. టైర్లు కొనకుండా ఆయన్ను రిక్షా ఎక్కనివ్వనని దారిలోనే చెప్పింది.

ఇనాయత్ ఆయన్ను చూసి కుర్చీ వేయలేదు. చాలాసార్లు వేసి విసిగిపోయి ఉన్నాడు.

"సాబ్, ఇయ్యాలన్న చెప్పుండ్రి. కారుదా, జీపుదా?"

"నువ్వేమంటవ్?"

"నేనేమంట సాబ్. పోచంపాడ్ కాడ డ్యాం పని నడుస్తున్నది. లారీలు, జీపులు అన్ని అటే పోతున్నయి. పొద్దుగూకెటాల్లకు నా దుకాన్ల ఏది మిగుల్తదో గదే మీకు మంచిది."

"గదే ఇయ్యి భాయ్, మిగిలింది," అంది సుమిత్రమ్మ.

కానీ రామ్‌దాస్ అప్పటికే రెండు రకాల టైర్ల మధ్య నిలబడి, ఒకదాని మీద ఎడమ చెయ్యి, ఇంకొకదాని మీద కుడి చెయ్యి పెట్టి ఉన్నాడు. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. అట్లాంటి వెలుగు వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పాడైన సంగతి సుమిత్రమ్మకు తెలుసు.

"ముందటికి రెండు కారువి. ఎనకకు రెండు లారీవి."

ఇనాయత్ ఆమె ముఖం చూశాడు. ఆమె రిక్షా ముఖం చూసింది.

"గిట్ల ఎవరు ఎయ్యరు సాబ్."

"ఎవరు ఎయ్యరు గాబట్టే అందరు నష్టపోతున్నరు. ముందట కుదుపు ఉండొద్దు, కారుది. ఎనక బరువు వడ్తది, లారీది. మెత్తదనం మెత్తదనమే, గట్టిదనం గట్టిదనమే. ఎవనికి మాటరాదు."

"ఎక్కుతగ్గుగ ఉంటది సాబ్. లారీది జర ఎత్తెక్కువ."

"ఇల్లు గూడ ఎనక ఎత్తుంటెనే మంచిదంటరు."

కారు నడిచేదే తప్ప కాపురముండేది కాదని చెప్పే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. నాలుగు టైర్లూ తాడుతో రిక్షాకు కట్టాక ఇనాయత్ ఒక మాట అడిగాడు. ఆ మాట అడగకుండా ఉంటే బాగుండునని సుమిత్రమ్మ తర్వాత చాలాసార్లు అనుకుంది.

"స్టెప్నీ ఏదియ్యాలె సాబ్?"

రామ్‌దాస్ ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"ముందటిది పోతే కారుది గావాలె. ఎనకది పోతే లారీది గావాలె. ఏది పోతదో ముందుగాల ఎట్ల తెలుస్తది?"

"రెండు తీసుకోండ్రి," అంది సుమిత్రమ్మ.

"ఒక్క కారుకు రెండు స్టెప్నీలా? నలుగురు చూస్తే ఏమంటరు?" అని, ఇనాయత్ వైపు తిరిగి, "ఆలోచించి చెప్త," అన్నాడు.

సుమిత్రమ్మ రిక్షా ఎక్కింది. నాలుగు టైర్ల దాకా తెచ్చిన మనిషిని ఐదో టైరు దగ్గర లాగితే నాలుగూ వెనక్కి ఇచ్చేస్తాడేమోనని ఆమె భయం.

మరునాడు ఇనాయత్ దుకాణం కుర్రాడు వచ్చి టైర్లెక్కించి, కారును ఇటుకల మీది నుంచి దించాడు. పెండ్లి రోజు తెల్లవారక ముందే బయల్దేరారు. ఆఫీసు జీపు డ్రైవరు దగ్గర నేర్చుకున్న డ్రైవింగు రామ్‌దాస్‌ది. కారు వెనక భాగం పైకి లేచి, ముందు భాగం కిందికి వంగి, నీళ్లు తాగబోతున్న దున్నపోతులా ఉంది. సీటు మీద కూచున్న మనిషి తనంతట తానే ముందుకు జారుతాడు.

నందిపేట్ దగ్గర ఊళ్లో ఆశన్న కుండలు సిద్ధంగా పెట్టి ఉన్నాడు. తెల్లటి సున్నం మీద ఎర్రని, పచ్చని గీతలు, చుక్కలు. సుమిత్రమ్మ ఆయనకు ఇవ్వవలసిన బియ్యం, కొత్త బట్టలు ఇచ్చి, కుండలకు పసుపు కుంకుమ పెట్టింది. ఆశన్న కారును ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు.

"అమ్మా, గిది ఎటు పోతది?"

"ముందటికే పోతది. కుండలు పెట్టు."

ఎక్కడ పెట్టాలన్నది మరో తగాదా. మెత్తటి టైర్లు ముందున్నాయి కాబట్టి కుండలు ముందు సీట్లో కూచోవాలని రామ్‌దాస్ తేల్చాడు. ఈ ఒక్క సంగతిలో ఆయన ఎవర్నీ అడగలేదు. కుండలు గడ్డిలో ఒదిగి, పాత దుప్పటి కప్పుకుని, ముందు సీట్లో దొరసానుల్లా కూచున్నాయి. సుమిత్రమ్మ వెనక సీట్లో కూచుంది. నిజామాబాదు చేరేలోపు ఆమె తల పైకప్పుకు తగలని మైలు లేదు.

"జర మెల్లగ పోనియ్యుండ్రి."

"మెల్లగనే పోతున్న. చూడు, కుండలు కదుల్తనే లేవు."

"నేను కదుల్తున్న."

"నువ్వు పలగవు గదా."

నిజామాబాదు దాటి బోధన్ రోడ్డు ఎక్కారు. ఫ్యాక్టరీలో గానుగ సీజను. రోడ్డంతా చెరకు బండ్లే. రాలిన చెరకు ఆకు, విరిగిన గడలు, ఎద్దుల కాళ్ల నుంచి ఊడిన నాడాలు, మేకులు. లగ్గం పొద్దెక్కే లోపలే. దూరంగా ఫ్యాక్టరీ పొగ కనపడగానే సుమిత్రమ్మ, పర్వాలేదు, చేరతాం, అనుకుంది. అనుకున్న తర్వాత కారు ఎడమ పక్కకు ఒరిగి ఆగింది.

రామ్‌దాస్ దిగి చూశాడు. ముందు టైరు.

"చూసినవా. లారీదైతే ఈ మేకు దిగకపోతుండె."

"మరి లారీవే ఎయ్యకపోతిరి."

"ఏస్తే కుండలు ఈ పాటికి పలిగిపోతుండె."

ఆయనతో వచ్చిన చిక్కే అది. ఆయన ఎన్నడూ తప్పు మాట్లాడడు. ఇరవై ఏండ్ల కాపురంలో ఆయన చెప్పిన మాటల్లో ఒక్కటీ తప్పు కాదు, వాటివల్ల ఒక్క పనీ కాలేదు.

"స్టెప్నీ ఎక్కిద్దురా?" అంది, జవాబు తెలిసీ.

"దాని సంగతి ఇంక తేలలే."

పొద్దు ఎక్కుతోంది. పందిట్లో తన కోసం అందరూ వీధి వైపు చూస్తుంటారు. బండి కట్టొద్దని తానే చెప్పింది. కుండలు రాకపోతే బిడ్డ పీటల మీదికి రాదు. లింగవ్వ అత్త ఈరవ్వ నోరు చిన్నది కాదు. వాళ్లక్క కారు చూసుకొని మురిసి మన పెండ్లి ఆపింది అన్న మాట ఇక బతికినన్నాళ్లు వినాలి.

అప్పుడే వెనక నుంచి ఒక చెరకు బండి వచ్చి ఆగింది. ఫ్యాక్టరీకి పోయే రబ్బరు టైర్ల బండి, నిండా చెరకు. తోలుతున్న రైతు కిందికి దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సారూ, ముందట ఒక తీరుది, ఎన్క ఒక తీరుది ఏసినవు. గదేం ఉపాయం?"

రామ్‌దాస్ నిటారుగా నిలబడ్డాడు. ఉగాది నుంచి ఆయన లోకాన్ని అడుగుతున్నాడు. లోకం ఆయన్ను అడగడం ఇదే మొదలు.

"నీ పేరేంది?"

"ముత్తన్న. నా బండికి గూడ మార్సాలె సారూ. పాత కారు టైర్లెయ్యాల్నా, పాత లారీవెయ్యాల్నా సమజైతలేదు. ఎవల్నడిగినా ఒక్కోడు ఒక్కో తీరు సెప్తుండు."

సుమిత్రమ్మ కారు తలుపుకు నుదురు ఆనించి కండ్లు మూసుకుంది.

"మంచి మాట అడిగినవ్ ముత్తన్నా," అని రామ్‌దాస్ మొదలుపెట్టాడు. బరువు గురించి చెప్పాడు. కుదుపు గురించి చెప్పాడు. తడి నేల, పొడి నేల, నల్లరేగడి, వేర్వేరుగా చెప్పాడు. వెనక వచ్చిన బండ్లు ఆగాయి. ఆ బండ్ల వాళ్లూ దిగి వచ్చారు. ఒకరు లారీ టైరన్నారు. ఇంకొకరు తమ ఊళ్లో ఒకడు లారీ టైరేసి ఎద్దు మెడ కాయ కాసిందన్నారు. రామ్‌దాస్ ఇద్దరివీ నిజమేనన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా సుమిత్రమ్మ తమ పెండ్లిలో కూడా చూడలేదు.

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. ముందు సీటు తలుపు తీసి, కుండల్ని ఒక్కొక్కటే తీసుకుని పోయి ముత్తన్న బండి మీద చెరకు ఆకుల్లో ఒదిగించింది. తర్వాత చక్రం మీద కాలు పెట్టి, తానూ చెరకు మీదికెక్కి, కుండల చుట్టూ చేతులు వేసి కూచుంది.

"ముత్తన్నా, బండెక్కు."

ముత్తన్న ఉలిక్కిపడ్డాడు. "ఏడికమ్మా?"

"తుకారాం పటేల్ ఇంటికి. నీ తొవ్వలనే ఉన్నది."

"ఫ్యాక్టరీ కాడ నా వరుస పోతదమ్మా."

"ఇంతసేపు ముచ్చట వెట్టంగ పోలేదా నీ వరుస? ఇప్పుడెందుకు యాదికొచ్చింది? ఎక్కు."

ముత్తన్న ఎక్కాడు. బండి కదిలింది. రామ్‌దాస్ కారుకు తాళం వేయలేదు. అది ఎక్కడికీ పోదన్న సంగతిలో మొగుడూ పెండ్లాలకు భేదాభిప్రాయం లేదు. ఆయన బండి పక్కన నడుస్తూ, ఒక చెయ్యి బండి అంచు మీద ఆనిస్తూ, వదిలిన చోటి నుంచే అందుకున్నాడు.

"అయితే ముత్తన్నా, ఎండకాలం సంగతి వేరు..."

చెరకు మీద కూచున్న సుమిత్రమ్మకు కుదుపు తెలియలేదు. కుండలు ఒకదానికొకటి తగిలి చిన్న చప్పుడు కూడా చేయలేదు. ఈ బండికి ఉన్నది ఏ టైరో అడుగుదామని నోటి దాకా వచ్చింది. అడగలేదు.

దారి పొడుగునా ఆమె అబద్ధాలు తయారుచేసుకుంది. కారును కలెక్టరు సాబ్ పనికి అడిగి తీసుకుపోయారని ఒకటి. దారిలో కడుపుతో ఉన్న మనిషి కనిపిస్తే ఆస్పత్రికి పంపామని ఇంకొకటి. రెండోది మంచిది, కానీ రామ్‌దాస్ ఎదురుగా చెబితే ఆయన ఏ ఆస్పత్రి అని అడుగుతాడు.

పందిరి ముందు బండి ఆగగానే డప్పులు మోగాయి. లింగవ్వ పరుగున వచ్చింది, కండ్లలో నీళ్లు.

"అక్కా, ఇంతసేపాయెనే. కారేదే?"

సుమిత్రమ్మ నోరు తెరిచింది. ఆమె కంటే ముందు వెనక నుంచి ఈరవ్వ గొంతు వినిపించింది. ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చి, చెరకు మీదున్న కుండల్ని చూసి, చేతులు జోడించింది.

"ఐరేని కుండలు బండి మీదనే రావాలె. కారుల వస్తయంటే నాకు మనసొప్పలేదు. పట్నంల ఉండి గూడ మన పెద్దోళ్ల తరీక మర్వలే బిడ్డ."

కలెక్టరు సాబ్, కడుపుతో ఉన్న మనిషి ఇద్దరూ సుమిత్రమ్మ గొంతులోనే ఆగిపోయారు.

"కారుల ఎట్ల తెస్తరు అత్తా," అంది ఆమె కిందికి దిగుతూ. "కుదుపులకు పలుగుతయని నేనే వద్దన్న."

ముత్తైదువలు హారతిచ్చి కుండల్ని అందుకున్నారు. ఒక్కదానికీ పెచ్చు ఊడలేదు, గీత చెరగలేదు. పందిట్లో ఒకదాని మీద ఒకటి పేర్చి దారం చుట్టారు. పిల్లను పీటల మీదికి తీసుకురమ్మని పంతులు పిలిచాడు. అప్పుడు సుమిత్రమ్మ ఊపిరి తీసుకుంది. తీసుకుని చుట్టూ చూస్తే మొగుడు లేడు.

బయట చెరకు బండి ఇంకా అక్కడే ఉంది. ఎడ్లు పందిరి మామిడాకులు అందుకుని తింటున్నాయి. ముత్తన్న, ఆయన చుట్టూ పెండ్లికొచ్చిన మొగవాళ్లు పదిమంది, మధ్యలో రామ్‌దాస్.

"అయితే ఇంకో తీరు గూడ ఉన్నది. ఒక పక్క కారుది, ఒక పక్క లారీది ఏసినమనుకో..."

"ముత్తన్నా," అంది సుమిత్రమ్మ. "లారీదెయ్యి."

ముత్తన్న ఆమెను చూశాడు. ఆయన ముఖం మీద నుంచి ఏదో బరువు దిగిపోయింది. "గట్లనే అమ్మా," అని బండెక్కి, ఎడ్లను అదిలించి, వెనక్కి తిరిగి చూడకుండా ఫ్యాక్టరీ దారి పట్టాడు. మొగవాళ్లు ఒక్కొక్కరే పందిట్లోకి జారుకున్నారు.

రామ్‌దాస్ నొచ్చుకున్నాడు. "గట్లెట్ల చెప్పినవ్? ఆలోచించకుండ?"

"రెండిట్ల ఒకటి చెప్పాలె గదా. చెప్పిన."

"కారుదని ఎందుకు చెప్పలే మరి?"

సుమిత్రమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పందిట్లోకి లాక్కుపోయి, గుప్పిట్లో అక్షింతలు పోసి నిలబెట్టింది. బాజాలు గట్టిపడ్డాయి. అందరూ పిల్లా పిలగాని నెత్తి మీద బియ్యం చల్లారు. రామ్‌దాస్ గుప్పిట మూసే ఉంది. ముందు పిల్ల మీద వేయాలా, పిలగాని మీద వేయాలా అని ఆయన అటూ ఇటూ చూస్తున్నాడు.

సుమిత్రమ్మ ఆయన మోచేతి కింద ఒక్క పోటు పొడిచింది. అక్షింతలన్నీ పోయి పంతులు మీద పడ్డాయి.